కింద చల్లగా ఉంటుంది

డ్రైవరు చనిపోయిన రోజు పొద్దున్నే ప్రహరీ గోడ మీద ఆరవేసిన పరుపు సాయంత్రానికి కూడా ఆరలేదు.

అతని భార్య ఆ ఇంట్లోనే వంటమనిషి. మధ్యాహ్నం అతన్ని సాగనంపి వచ్చాక ఆమె పరుపును ఒకసారి తిరగేసింది. ఎండ తగిలిన వైపు వేడిగా ఉంది. రెండో వైపు అరచెయ్యి ఆనిస్తే, అప్పుడే పిండిన బట్టలా తగిలింది.

మేడ వరండాలోంచి అమ్మగారు పిలిచింది.

"ఏమ్మా, ఆ పరుపు కాస్త ఇంటి వెనక్కి లాగెయ్యి. పలకరించడానికి నలుగురూ వస్తున్నారు. గేటు తియ్యగానే అదే కనపడుతోంది."

పలకరించడానికి వచ్చినవాళ్ళు ఎవరూ కింది గదికి దిగలేదు. అందరూ నేరుగా మేడ మీదికి వెళ్ళి, నమ్మకమైన డ్రైవరు పోయినందుకు అమ్మగారిని ఓదార్చారు. అలాంటి మనిషి మళ్ళీ దొరకడన్నారు. అమ్మగారు కళ్ళు ఒత్తుకుంది. ఆ కన్నీళ్ళు అబద్ధం కాదు. బండి మీద గీత పడకుండా నడిపే మనిషిని వెతికి పట్టుకోవడం నిజంగానే కష్టం.

"ఇంతకీ ఏమైందండీ?" అని ఒకావిడ అడిగింది.

"ఊపిరితిత్తులు. సిగరెట్లండీ. చెప్తే వింటారా వీళ్ళు."

వచ్చినవాళ్ళందరికీ కాఫీ కలిపి అందించింది వంటమనిషే. ఆ మాట అనేటప్పుడు ఆమె అమ్మగారి పక్కనే, చేతిలో పళ్ళెంతో నిలబడి ఉంది. డ్రైవరు సిగరెట్టు మానేసింది పెళ్ళికి ముందు. ఆమె ఆ సంగతి చెప్పలేదు. ఖాళీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళి కడిగింది.

ఆ ఇల్లు అమ్మగారి భర్త, పెద్దాయన, దగ్గరుండి కట్టించుకున్నది. ఉద్యోగం చేసినంత కాలం ఆయనది తనిఖీ పని. ఎవరి పనిలో ఏ లోపముందో వెతికి పట్టుకోవడం, పట్టుకున్నాక వాళ్ళ ముఖం ఎలా మాడిపోతుందో చూడటం ఆయనకి వృత్తి, వినోదం కూడా. పదవీ విరమణ చేశాక పట్టుకోవడానికి లోపాలు లేక, పాలవాడి కొలతలోనూ వీధి దీపాల వరసలోనూ వెతుక్కుంటూ కాలం గడుపుతున్నాడు. అలాంటి మనిషి కట్టించుకున్న ఇంట్లో లోపం ఉండటానికి వీల్లేదు. ఉంటే అది లోపం కాదు, మరేదో అయి ఉండాలి.

ఇంటి కింద గది ఒకటి ఉంది. పాత సామాను కోసమని తవ్వించి, సామాను పాడైపోతోందని తీసేసి, అందులో డ్రైవరుని, వంటమనిషిని ఉండమన్నారు. పెరట్లోంచి మెట్లు దిగాలి. కప్పుకి దగ్గరగా చిన్న కిటికీ ఉంది. అందులోంచి కారు చక్రాలు, వచ్చేపోయే వాళ్ళ చెప్పులు కనిపిస్తాయి. వానలు పట్టిన రోజుల్లో సిమెంటు గచ్చు చెమర్చేది. గోడల అడుగున సున్నం పొక్కులు లేచి, ముట్టుకుంటే ఉప్పులా రాలేది. అగ్గిపెట్టె కింద పెడితే పుల్ల వెలగదని పైన వంటింట్లో ఉంచుకునేవారు. డ్రైవరు నల్ల బూట్లకి తెల్లారేసరికి తెల్లటి బూజు పట్టేది. పెద్దాయనకి బూట్లు నిగనిగలాడాలి. అందుకని డ్రైవరు రోజూ లేవగానే, ముఖం కడుక్కోకముందే బూట్లు తుడుచుకునేవాడు. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టాడు. ఇటుకలు కూడా తడిసి, నాచు పట్టాయి.

ఏటా వానలు వెళ్ళగానే అతను ఒకసారి అడిగేవాడు. కారు తలుపు తీసి పట్టుకుని, పెద్దాయన ఎక్కబోయే ముందు అడిగేవాడు. ఆ ఇంట్లో అతనికి మాట్లాడే చోటు అదొక్కటే.

"అయ్యగారూ, కింద నేల కొంచెం..."

"చల్లగా ఉంటుంది కదూ?"

"చల్లగానే ఉంటుందండి, కానీ..."

"మరింకేం? మేం పైన వేసవిలో వేగిపోతున్నాం. అదృష్టవంతులయ్యా మీరు."

ఇంటికొచ్చిన చుట్టాలతో కూడా ఆయన అదే చెప్పేవాడు. "మా డ్రైవరుకి ఏసీ అక్కర్లేదు. కింద చల్లగా ఉంటుంది." చుట్టాలు నవ్వేవారు. అలా ఆ ఇంట్లో తడి అన్న మాట వాడకంలోంచి పోయింది. కింద చల్లదనం ఉంది, అంతే. చివరికి ఆ మాట డ్రైవరు నోటికి కూడా పట్టుబడింది. దగ్గు ముదిరి ధర్మాసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు, "పడుకునే చోట తడేమైనా ఉందా?" అని అడిగాడు. "లేదండి. చల్లగా ఉంటుందండి," అన్నాడు డ్రైవరు. డాక్టరు తలూపి, మందులు రాసి, తర్వాతి మనిషిని పిలిచాడు.

వంటమనిషి అప్పుడు భర్త పక్కనే నిలబడి ఉంది. ఆమె కూడా ఏమీ అనలేదు.

నెల తిరక్కుండానే ఇంట్లో కింది గది గురించి చర్చ మొదలైంది. కొత్త డ్రైవరు వేరే చోట ఉండి వచ్చిపోతున్నాడు. గదిలో వంటమనిషి ఒక్కతే ఉంది. ఒక్క మనిషికి అంత గది అనవసరమని అందరికీ ఒకేసారి తోచింది. కొడుకు అక్కడ గోడంత తెర పెట్టుకుని సినిమాలు చూడాలనుకున్నాడు. కోడలు వ్యాయామం యంత్రం ఒకటి కొనుక్కుంది. అది పడకగదిలో బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది, కిందికి దించితే తన నడుముకి కూడా పనికొస్తుందని ఆమె నమ్మకం. అమ్మగారికి తన మహిళా సంఘం సమావేశాలకి ఒక చోటు కావాలి. ఆ సంఘం పేదల ఇళ్ళలో పరిశుభ్రత గురించి మాట్లాడుతుంది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. దాన్ని గురించి అమ్మగారు బయట కూడా గర్వంగా చెబుతుంది. ఏ నిర్ణయమైనా ఓటు వేసి తీసుకుంటారు. కర్టెన్ల రంగు ఓటుతో తేలింది. కుక్కకి పేరు ఓటుతో పెట్టారు. సెలవులకి ఎక్కడికి వెళ్ళాలన్నది ఓటుతో తేల్చుకుని, ఓడిపోయినవాళ్ళు దారి పొడవునా ముఖం ముడుచుకుని కూర్చునేవారు. డ్రైవరు కింది నేల గురించి అడిగిన సంగతి మాత్రం ఏనాడూ ఓటుకి రాలేదు.

ఈసారి నేలకే ఓటు.

నేలల దుకాణం నుంచి వచ్చిన సేల్స్ మనిషి నడివయసు దాటినవాడు. బరువైన పెట్టె మోసుకుని మెట్లు దిగేసరికి అతనికి ఆయాసం వచ్చింది. వంటమనిషి మంచినీళ్ళు ఇచ్చింది. అతను గ్లాసు ఖాళీ చేసి, పెట్టె తెరిచి, నమూనాలు గచ్చు మీద వరసగా పేర్చాడు. చెక్క పలక ముక్క, టైలు, ప్లాస్టిక్ లాంటి వినైల్ ముక్క, కార్పెట్ ముక్క, వ్యాయామం గదుల్లో వేసే రబ్బరు చాప. చెక్క ధర చెప్పాడు. ఒక గజం చెక్కకయ్యే డబ్బు డ్రైవరు నెల జీతానికి దగ్గరగా ఉంది. ఎవరూ కనుబొమ్మ కూడా ఎత్తలేదు.

"ముందొకటి అడగాలండి," అన్నాడు సేల్స్ మనిషి. "కింద గదులకి అడక్కుండా ఏదీ వెయ్యం. ఇక్కడ తడి ఉందాండీ?"

"చల్లదనం ఉంది," అన్నాడు పెద్దాయన.

"చల్లదనం నాకూ ఇష్టమేనండి. చెక్కకే పడదు."

కోడలు నవ్వబోయి, మామగారి ముఖం చూసి దగ్గింది.

"నా ఇంట్లో తడేంటయ్యా? దగ్గరుండి కట్టించాను."

"కట్టించిన వాళ్ళెవరూ తడి కావాలని కట్టించరండి. అది దానంతటదే వస్తుంది. అనుమానం ఉంటే టైల్స్ మేలు. వాటికింద కూడా నీళ్ళు ఆపే పూత ఒకటి వెయ్యాలనుకోండి. కాస్త తవ్వాలి."

"టైల్స్ ఆసుపత్రిలో వేస్తారు," అంది అమ్మగారు. "నాకు చెక్కే కావాలి. కాలు పెడితే ఇల్లులా అనిపించాలి."

కొడుకు కార్పెట్ వైపు మొగ్గాడు, సినిమా చప్పుడు మెత్తగా వినపడుతుందని. కోడలు రబ్బరంది. పెద్దాయన చెక్కే అన్నాడు. పాత కార్యాలయంలో తన కింద పనిచేసినవాడి ఇంట్లో చెక్క నేల ఉందని ఆయనకి ఈమధ్యే తెలిసింది. సేల్స్ మనిషి ఎవరి మాటా కాదనకుండా, పెట్టెలోంచి ఒక పాలిథిన్ షీటు తీసి, మంచం పక్కన గచ్చు మీద పరిచి, నాలుగు అంచులకీ టేపు అంటించాడు.

"రేపు సాయంత్రం వచ్చి ఎత్తి చూస్తానండి. లోపలి వైపు చెమ్మ పట్టకపోతే మీ ఇష్టం వచ్చింది వేసుకోండి. పడితే మాత్రం చెక్కకి నేను హామీ ఇవ్వలేను. రేపు అది ఉబ్బి లేస్తే మీరు పిలిచేది నన్నే."

అతను కాఫీ తాగుతుండగా అమ్మగారికి ఒక ఆలోచన వచ్చింది.

"ఏమ్మా, నువ్వొకసారి వీటి మీద నడిచి చూడు. మేం చెప్పులేసుకుని తిరిగేవాళ్ళం, మాకేం తెలుస్తుంది. నువ్వూ ఇంటి మనిషివే కదా."

"కాళ్ళు కడుక్కుని ఎక్కమనండి అత్తయ్యా," అంది కోడలు.

వంటమనిషి కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. టైలు మీద నిలబడింది. కార్పెట్ మీద నిలబడింది. చెక్క ముక్క మీద రెండు పాదాలూ పట్టలేదు. ఒక పాదం పెట్టింది. మడమ పగుళ్ళలోకి కూడా దాని వెచ్చదనం వచ్చింది. ఎండలో ఉంచిన చెక్క కాదది. పెట్టెలోంచి తీసిన చెక్క. ఊరికే, దాని మానాన అది వెచ్చగా ఉంది. ఇరవయ్యేళ్ళకి పైగా ఈ గదిలో తెల్లారి లేచి మొదటి అడుగు వేసేటప్పుడు కాలివేళ్ళు ముడుచుకోవడం ఆమెకి అలవాటు. ఇప్పుడు కూడా అవి ముందే ముడుచుకున్నాయి. తర్వాత మెల్లగా విచ్చుకున్నాయి.

"ఎలా ఉంది?" అని అమ్మగారు అడిగింది.

ఆ ఇంట్లో ఆమె పాదాల సంగతి ఎవరైనా అడగడం అదే మొదలు.

"బాగుందండి," అంది వంటమనిషి. కాలు తీసేసింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా నిద్రపోయింది. వంటమనిషి గిన్నెలు తోమి, తడిబట్ట మార్చుకుందామని పెరటి మెట్లు దిగింది. మలుపు దగ్గర ఆగిపోయింది.

పెద్దాయన ఆమె గదిలో ఉన్నాడు. నమూనాలు చూడటానికి తప్ప ఆయన ఆ గదిలోకి దిగింది ఆమె ఎరగదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టేపు ఒక వైపు పీకి, పాలిథిన్ షీటు ఎత్తి పట్టుకున్నాడు. కిటికీ వెలుగులో షీటు లోపలంతా నీటి బొట్లు, చిన్న చిన్నవి, దగ్గర దగ్గరగా. ఆయన వాటిని కాసేపు చూశాడు. ఆ చూపు ఆశ్చర్యపోయిన మనిషి చూపు కాదు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. జాగ్రత్తగా, మూలమూలలా తుడిచాడు. గచ్చు కూడా తుడిచాడు. గచ్చు మీది నలుపు పోలేదు. గట్టిగా రుద్దాడు. మళ్ళీ షీటు పరిచి, టేపు అదిమి, లేవబోయి, మంచం కోడు పట్టుకుని లేచాడు. లేస్తుంటే ఆమె కనపడింది.

ఆయన రుమాలు గుప్పిట్లో ముడిచాడు.

"దుమ్ము పడింది," అన్నాడు పెద్దాయన.

"అవునండి."

"నీ గురించే ఆలోచిస్తున్నాను. కింద పని మొదలెడితే నువ్వెక్కడుంటావని. వంటింటి పక్క స్టోరు గది ఉంది కదా. అందులో సామాను తీయించేస్తాను. నీకు ఇమ్మని అమ్మగారికి చెప్తాను." ఆయన మెట్ల దాకా వచ్చి ఆగాడు. "అది పొడిగా ఉంటుంది."

అంటే పొడిగా ఉండేది ఏదో, ఉండనిది ఏదో ఆయనకి తెలుసు. ఆ తేడా ఆయన నోటి వెంట రావడానికి మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. ఇంతా చేసి ఆయన మోసం చేస్తున్నది సేల్స్ మనిషిని కూడా కాదు. ఉబ్బేది తన చెక్క, పోయేది తన డబ్బు. అయినా సరే, తన ఇంట్లో లోపముందని మరొకడి నోట వినడం కంటే ఆయనకి అదే నయమనిపించింది.

ఆమెని దాటి మెట్లెక్కబోతూ, రోజువారీ అలవాటు కొద్దీ రుమాలు ఆమె చేతికిచ్చాడు.

"ఇది ఉతుక్కి వెయ్యి."

ఆ రోజు డ్రైవరు చెల్లెలికి ఒంటిపూట సెలవు. ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. వేళ్ళ చివర్లు కాలి కాలి చర్మం మొద్దుబారిపోయింది, నాలుక మాత్రం మొద్దుబారలేదు. వచ్చేసరికి వంటమనిషి పెరట్లో రుమాలు ఉతుకుతోంది.

"ఏం వదినా, బతికే ఉన్నావా, బూజు పట్టి పోయావా?"

"మెల్లగా మాట్లాడవే. పైకి వినపడుతుంది."

"వాళ్ళకా? మా అన్న దగ్గు అన్నేళ్ళు వినపడలేదు, నా గొంతు ఇవాళ వినపడుతుందా?"

వంటమనిషి రుమాలు పిండింది. సబ్బు నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. జరిగింది చెప్పింది.

ఆడపడుచు నోరు తెరుచుకుని విని, "రుమాలుతో తుడిచాడా? ఆయన పుట్టి బుద్ధెరిగాక నేల తుడవడం ఇదే మొదలై ఉంటుంది. అలసిపోయుంటాడు పాపం, మజ్జిగ ఇవ్వకపోయావా," అంది.

"ఊరుకోవే."

"ఊరుకోక ఏం చేస్తాను. మా అన్న పక్క కింద ఊరిన నీళ్ళకి ఇన్నాళ్ళకి తుడిచే మనిషి దొరికాడు. అదీ అంత పెద్దమనిషి."

వంటమనిషి రుమాలు తీగ మీద వేసి, రెండు చేతులతో ముడతలు లాగింది.

"స్టోరు గది ఇస్తానన్నాడు."

"ఇస్తే?"

"పొడిగా ఉంటుంది."

ఆడపడుచు గోడ నీడలో మెట్టు మీద కూర్చుని, చెప్పులోంచి రాయి దులుపుకుంది.

"చూడు వదినా, నేను నీకు ఇలా చెయ్యి అలా చెయ్యి అని చెప్పను. మా గదిలో నువ్వొస్తే ఒకళ్ళం కాళ్ళు ముడుచుకుని పడుకోవాలి. మా ఆయన గురక పెడతాడు, పిల్లలు నిద్దట్లో తంతారు. స్టోరు గదిలో ఆ గొడవ లేదు. పని కూడా ఉంటుంది. ఉండాలనుంటే ఉండు. ఎవరూ నిన్ను తప్పుపట్టరు." మళ్ళీ అంది, "నేను పట్టినా పైకి అనను."

"ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడు..." అని వంటమనిషి మొదలుపెట్టింది.

"నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

పైనుంచి గంట మోగింది. టీ వేళయింది.

సాయంత్రం సేల్స్ మనిషి వచ్చాడు. ఇంటిల్లిపాదీ అతని వెనక కింది గదిలోకి దిగారు. అమ్మగారు గోడకి తగలకుండా ఒద్దికగా నిలబడింది. కోడలు ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుంది. కొడుకు తెర ఎక్కడ పెట్టాలో చేతులు చాచి కొలుచుకుంటున్నాడు. ఆ గోడకే డ్రైవరు చొక్కా ఇంకా మేకుకి వేలాడుతోంది. వంటమనిషి మెట్ల పక్కన నిలబడింది. ఆడపడుచు గేటు దగ్గర కూర్చుని ఉంది, వదిన ఏం తేల్చుకుంటుందో తెలిసేదాకా వెళ్ళనని.

సేల్స్ మనిషి వంగి టేపు చూశాడు.

"నేను ఇలా వంకరగా అంటించలేదండీ."

"పిల్లేదో పీకి ఉంటుంది," అన్నాడు పెద్దాయన.

"పీకి, మళ్ళీ అంటించిందండి. అలాంటి పిల్లి దొరికితే నాకూ ఒకటి కావాలి. సాయానికి మనుషులు దొరకట్లేదు."

అతను షీటు ఎత్తాడు. పొడిగానే ఉంది, మూల ఒకచోట రెండు మూడు బొట్లు తప్ప. కింద గచ్చు మాత్రం చుట్టూ ఉన్న దానికంటే నల్లగా ఉంది. బొటనవేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు. లేచి నడుం నిటారుగా చేసి, ఎవరి వైపూ చూడకుండా అడిగాడు.

"ఇక్కడ ఉంటున్నది ఎవరండీ?"

"మా వంటమనిషి," అన్నాడు పెద్దాయన. "ఎన్నో ఏళ్ళుగా ఉంటోంది. అడుగు. తనే చెప్తుంది." ఆమె వైపు తిరిగాడు. ఆ ముఖంలో అధికారం ఉంది, దాని వెనక స్టోరు గది ఉంది. "చెప్పు, ఇక్కడ తడేమైనా ఉందా?"

ఆమె నేల వైపు చూడలేదు. సేల్స్ మనిషి వైపు చూసింది.

"ఉందండి."

ఆ మాట ఆ ఇంట్లో విని చాలా ఏళ్ళయింది కాబట్టి, అర్థం కావడానికి వాళ్ళకి కాస్త సమయం పట్టింది.

"చల్లగా ఉంటుందని దాని ఉద్దేశం," అన్నాడు పెద్దాయన.

"కాదండి. తడి. ఆయన పడుకున్న చోటే ఎక్కువ."

"అయ్యో, పాపం. దుఃఖంలో ఉంది," అంది అమ్మగారు సేల్స్ మనిషితో, జబ్బుపడ్డ పిల్ల గురించి చెబుతున్నట్టు. తర్వాత ఆమె ముఖం వెలిగింది. "గొడవెందుకు? మన ఇంటి పద్ధతి మనకుంది కదా. ఓటు వేద్దాం. ఈ గదిలో తడి లేదనేవాళ్ళు చెయ్యెత్తండి."

తన వృత్తిలో సేల్స్ మనిషి ఎన్నో నేలలు చూశాడు. చేతులెత్తితే ఆరిపోయే నేలని చూడలేదు.

పెద్దాయన చెయ్యి అందరికంటే ముందు లేచింది. అమ్మగారిది లేచింది. కోడలు ముక్కు దగ్గరి చేతిని తీసి పైకెత్తింది. ఎత్తగానే వాసన తగిలి, రెండో చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. కొడుకు నేల వైపు చూశాడు, మేకుకున్న చొక్కా వైపు చూశాడు. చదువుకున్నవాడు, తడి అంటే ఏమిటో తెలుసు. "నాన్నగారు కట్టించారు, ఆయనకి తెలియదా," అని గొణిగి, మోచెయ్యి దాకా ఎత్తాడు.

"నువ్వూ ఎత్తమ్మా," అంది అమ్మగారు. "నిన్ను వేరుగా ఏనాడైనా చూశామా? నీది కూడా కలిస్తే ఏకగ్రీవం అవుతుంది."

వంటమనిషి చేతులు రెండూ పక్కనే ఉన్నాయి. ఆ చేతులు ఆ ఇంట్లో అడిగినవన్నీ అందించాయి. తన భర్త చావుకి వచ్చినవాళ్ళకి కాఫీ కూడా అందించాయి. ఇప్పుడు వాటిని ఎత్తడం పెద్ద పని కాదు. ఎత్తితే పొడి గది ఉంది, పొయ్యి ఉంది, నెల తిరిగేసరికి జీతం ఉంది.

"ఎత్తనండి," అంది.

పెద్దాయన మెల్లగా, పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "స్టోరు గది సంగతి చెప్పాను కదా నీకు."

"చెప్పారండి." ఆమె గొంతు పెరగలేదు. "మీ రుమాలు ఉతికాను. తీగ మీద ఉంది. ఇంకా ఆరలేదు."

అమ్మగారికి ఆ మాట అర్థం కాలేదు. కొడుక్కీ కోడలికీ కాలేదు. సేల్స్ మనిషి మాత్రం పెద్దాయన ప్యాంటు మోకాళ్ళ మీద ఉన్న గుండ్రటి మరకలు రెండూ అప్పుడు చూశాడు. చూసి, టేపు చుట్ట పెట్టెలో పెట్టుకున్నాడు.

"హామీ లేకుండా కావాలంటే చెక్క పంపిస్తానండి," అన్నాడు. "వెయ్యడానికి మాత్రం మావాళ్ళు రారు."

పెద్దాయన చెయ్యి ఇంకా పైనే ఉంది. దించితే ఏమవుతుందో తెలియని మనిషిలా కాసేపు అలాగే ఉంచి, ఆ చేత్తోనే మెట్ల వైపు చూపించాడు. వంటమనిషి ఆ సైగని ఎలా తీసుకోవాలో అలాగే తీసుకుంది. మేకు మీది చొక్కా తీసి మడిచింది. బట్టలు ఒక సంచిలో పెట్టుకుంది. వాళ్ళు నలుగురూ చూస్తుండగా మంచం మీది పరుపు చుట్టింది. ఎవరూ సాయం పట్టలేదు. సేల్స్ మనిషి పట్టబోతే, "వద్దండి, మా ఆడపడుచు ఉంది," అంది.

గేటు దగ్గర ఆడపడుచు లేచి నిలబడింది. పరుపు ఒక కొస తను అందుకుంది.

"ఇదేంటి వదినా, ఇంత బరువుంది?"

"తడి."

"మా గదిలో దీన్ని పరిచే చోటుందనుకున్నావా?"

"డాబా మీద వేద్దాం. ముందు ఎండనీ."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని వీధి వెంట నడిచారు. వెనక మేడ మీద దీపాలు వెలిగాయి. రాత్రి వంట ఎవరు చెయ్యాలన్న విషయం మీద ఆ ఇంట్లో ఓటింగు మొదలై ఉంటుంది.

తర్వాత చెక్క పలకలు వచ్చాయి. దుకాణం వాళ్ళు వాటిని హాల్లో దించి వెళ్ళిపోయారు. అవి అట్టపెట్టెల్లోనే గోడకి ఆనించి ఉన్నాయి. వచ్చిన చుట్టాలు వాటిని తప్పుకుని నడుస్తున్నారు. పెద్దాయన వాళ్ళకి చెక్క నాణ్యత గురించి చెబుతున్నాడు. వ్యాయామం యంత్రం మీద మళ్ళీ బట్టలు ఆరుతున్నాయి. వంటమనిషి మరో ఇంట్లో పనికి కుదిరింది. ఆడపడుచు గదిలో గుమ్మం పక్కన, కాళ్ళు ముడుచుకుని పడుకుంటోంది. పరుపు ఆరింది.

కింది గదికి నేల ఇంకా వెయ్యలేదు. డ్రైవరు దేనివల్ల చనిపోయాడో ఆ ఇంట్లో ఎవరూ ఇంకా పైకి అనలేదు.